ఎయిర్‌లైన్ పేరు కాదు, వరుసకు ఎన్ని సీట్లో చూడండి

ఏ ఎయిర్‌లైన్ మంచిది, ఏ విమానం మంచిది, పాతవాటిలో దేన్ని తలుచుకుంటే బాధేస్తుంది అని అడిగారు. మూడింటికీ కలిపి ఒకే జవాబు రాస్తాను. ముందే చెబుతున్నా, నేను పైలట్‌ని కాను, ఇంజినీర్‌ని అంతకంటే కాను. ముప్పై ఏళ్లకు పైగా కిటికీ సీటు కోసం కొట్లాడుతున్న మామూలు ప్రయాణికుణ్ణి. ఎక్కిన ప్రతి విమానం రకం, తోక దగ్గర రాసి ఉండే రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, నా సీటు నంబరు నోట్‌బుక్‌లో రాసుకునే అలవాటు ఉంది. ఇప్పుడు నాలుగో నోట్‌బుక్ నడుస్తోంది.

మొన్న వాటిని తిరగేస్తే ఒక తమాషా కనిపించింది. మొదటి నోట్‌బుక్‌లో ఎయిర్‌లైన్ల పేర్లే రాయలేదు. అయినా "ఎ300, ఎడమ కిటికీ, రెక్క మీద మరక" అన్న ముక్క చూడగానే ఆ ప్రయాణమంతా కళ్ల ముందుకొచ్చేసింది. రెండో దాంట్లో ఎయిర్‌లైన్ల పేర్లు శ్రద్ధగా రాశాను, కానీ అందులో సగం ప్రయాణాలు గుర్తే లేవు.

ఇన్నేళ్లకు నాకు అర్థమైందేమిటంటే, విమానంలో మనకు దక్కే సుఖాల్లో చాలావరకు మన కోసం పుట్టినవి కావు. సరుకు పట్టాలనో, ఇంధనం మిగలాలనో, లోహం అలసిపోకూడదనో ఎవరో ఒక నిర్ణయం తీసుకుంటారు. దాని పుణ్యాన మనకూ కాస్త సుఖం దొరుకుతుంది. అలాంటిది నిలుస్తుంది. అచ్చంగా ప్రయాణికుడి కోసమే ఇచ్చిన సుఖం ఉందే, దాన్ని ఎయిర్‌లైన్ ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి లాగేసుకుంటుంది.

బోయింగ్ 747 మూపురమే తీసుకోండి. చిన్నపిల్లలు కూడా గుర్తుపట్టే ఆకారం అది. 1960లలో దాన్ని గీస్తున్నప్పుడు చాలామంది నమ్మకం ఏమిటంటే, ఇంకొన్నేళ్లలో ప్రయాణికులంతా ధ్వని కన్నా వేగంగా పోయే విమానాలకు మారిపోతారు, ఇక 747 సరుకు మోసుకుంటూ బతకాలి అని. సరుకు విమానమన్నాక ముక్కు మూతలా పైకి లేవాలి, పొడవాటి పెట్టెల్ని నేరుగా లోపలికి తోసేయగలగాలి. ముక్కులో పైలట్లు కూర్చుంటే అది కుదరదు. అందుకని 747 ప్రధాన ఇంజినీర్ జో సట్టర్ బృందం కాక్‌పిట్‌ని మేడ మీదకు ఎక్కించింది. గాలి సాఫీగా జారడానికి దాని వెనక కట్టిన వాలులో మిగిలిన చోటే ఆ పై అంతస్తు. కింద క్యాబిన్ అంత వెడల్పు ఉండటానికీ సరుకే కారణం, ఎనిమిది అడుగుల పెట్టెలు రెండు పక్కపక్కన పట్టాలి మరి. యాభై ఏళ్లు మనం మురిసిపోయిన దర్జా అంతా పెట్టెల చలవే.

ఆ పై అంతస్తులో కొన్ని ఎయిర్‌లైన్లు ఎకానమీ సీట్లు కూడా పెట్టేవి. 1997లో నాకు అలాంటి సీటు దొరికింది. కుడివైపు కిటికీ, దిగేది హాంగ్‌కాంగ్ పాత విమానాశ్రయం కై టాక్. పైన గోడ వంపు తిరిగి ఉంటుంది కాబట్టి సీటుకూ గోడకూ మధ్య మోచేతి ఎత్తున మూత ఉన్న అర ఒకటి ఉండేది. బ్యాగు అందులో వేసి, మూత మీద పుస్తకం, కళ్లజోడు పెట్టుకుని, సొంత గదిలో ఉన్నట్టు కూర్చున్నాను. కై టాక్‌లో 13వ నంబరు రన్‌వేకి దిగాలంటే విమానం కొండకేసి వచ్చేది. ఆ కొండ మీద ఎరుపు తెలుపు గళ్లు పెద్దగా వేసి ఉండేవి. అవి కనిపించాక పైలట్ చేత్తో నడుపుతూ కుడివైపు తిప్పాలి, అదీ ఇళ్ల మీదుగా, బాగా కిందికి వచ్చేశాక. మా వైపు రెక్క కిందికి వాలింది. మేడల మీది టీవీ యాంటెనాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత దగ్గరగా వెనక్కి పోతున్నాయి. రెక్క సమంగా అయిందో లేదో, చక్రాలు నేలకు తగిలేశాయి. పక్క సీటాయన ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు. "అయిపోయిందా?" అన్నాడు. అయిపోయిందని చెప్పాక కూడా కాసేపు తెరవలేదు. తర్వాతి ఏడాది జులైలో కై టాక్ మూసేశారు.

747 చివరికి సరుకే మోస్తుందన్న అంచనా తప్పలేదు, ఆలస్యమైందంతే. 1970 జనవరి 22న అమెరికా ఎయిర్‌లైన్ పాన్ యామ్ దాన్ని న్యూయార్క్ నుంచి లండన్‌కు మొదటిసారి ప్రయాణికులతో నడిపింది. 2023 జనవరి 31న చివరిదాన్ని, అంటే 1,574వ దాన్ని, బోయింగ్ అప్పగించింది సరుకు రవాణా చేసే అట్లాస్ ఎయిర్‌కి. దాన్ని వెనక్కి నెట్టేస్తాయనుకున్న సూపర్‌సోనిక్ విమానాలు అప్పటికి మ్యూజియంలకు చేరి దాదాపు ఇరవై ఏళ్లు.

ఎయిర్‌బస్ ఎ300ది కూడా ఇదే వరస. దానికి 747కి దక్కినంత పేరు లేదు, నాకు మాత్రం చాలా ఇష్టం. రెండు ఇంజిన్లతో, లోపల రెండు నడవలతో వచ్చిన మొదటి విమానం అదే. 1974 మేలో ఎయిర్ ఫ్రాన్స్ నడపడం మొదలుపెట్టింది. దాని గొట్టం వెడల్పు 5.64 మీటర్లు. అడుగున ఎల్‌డీ3 అనే సరుకు కంటెయినర్లు రెండు పక్కపక్కన సరిపోయేలా ఆ కొలత ఎంచుకున్నారు. ఆ గొట్టానికి పైసగంలో ఎకానమీ సీట్లు వేస్తే రెండు, నాలుగు, రెండు చొప్పున చక్కగా కుదిరాయి. భార్యాభర్తలో, తల్లీబిడ్డలో కలిసి వెళ్తుంటే కిటికీ పక్క రెండు సీట్లూ మీవే, మూడో మనిషి మోకాళ్లు దాటాల్సిన పనిలేదు. అదే గొట్టాన్ని ఎ310కి, ఎ330కి, ఎ340కి కూడా వాడారు. అందుకే ఈ రోజుకీ ఎ330 టికెట్ కనిపిస్తే నేను రెండో ఆలోచన చేయను. ఎ340ని కూడా వదిలిపెట్టను గానీ, అది రన్‌వే మీద పరిగెత్తడం చూస్తే మాత్రం గాబరాగా ఉంటుంది. భూమి గుండ్రంగా ఉండబట్టి గాల్లోకి లేస్తోంది గానీ లేకపోతే లేచేది కాదని దాని పాత మోడళ్ల మీద పైలట్ల జోకు.

ఇక బోయింగ్ 787 దగ్గరికి వద్దాం. ఇక్కడ మీకు మీరే చేసుకోగల పరీక్ష ఒకటి చెబుతాను. విమానం పైకి చేరి నిలకడగా ఎగురుతున్నప్పుడు నీళ్ల సీసా ఖాళీ చేసి మూత గట్టిగా బిగించండి. దిగాక చూడండి, ఎవరో పిడికిట్లో నలిపినట్టు సొట్టలు పడి ఉంటుంది. పైన లోపలి గాలి ఒత్తిడి నేల మీదకన్నా తక్కువ. మామూలు అల్యూమినియం విమానంలో లోపలి ఒత్తిడి గరిష్ఠంగా 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత వరకు తగ్గనిస్తారు. లీటరు సీసా అక్కడ మూసి సముద్ర మట్టానికి తెస్తే లోపలి గాలి సుమారు 740 మిల్లీలీటర్లకు కుంచించుకుపోతుంది. 787లో, ఎయిర్‌బస్ ఎ350లో ఆ లెక్క 6,000 అడుగులు, అంటే సీసాలో గాలి 800 మిల్లీలీటర్ల దగ్గర ఆగుతుంది. ఆ తేడా మీ తలకాయకి తెలుస్తుంది. పది గంటల ప్రయాణం తర్వాత దిగితే పాత విమానంలో ఉండే ఆ మొద్దుబారిన తలనొప్పి నాకు వీటిలో బాగా తగ్గింది.

ఇదీ మన మీద ప్రేమతో చేసింది కాదు. ప్రతి ప్రయాణంలో విమానం ఒళ్లు బెలూన్‌లా ఉబ్బి తగ్గుతుంది. అల్యూమినియం ఆ ఉబ్బడానికి అలసిపోయి పగుళ్లిస్తుంది. ప్రపంచంలో మొదటి జెట్ ప్రయాణికుల విమానం కామెట్ 1952 మే 2న లండన్ నుంచి జొహానెస్‌బర్గ్ బయల్దేరింది. 1954లో మూడు నెలల తేడాతో రెండు కామెట్‌లు గాల్లోనే విచ్చిపోయాయి. ఒక విమానాన్ని నీళ్ల తొట్టెలో పెట్టి ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ పరీక్షించాక గానీ లోహం అలసటే కారణమని తేలలేదు. అందుకే అల్యూమినియం విమానాల్లో ఒత్తిడి విషయంలో పిసినారితనం. 787 బరువులో సగం కార్బన్ ఫైబర్‌తో చేసిన మిశ్రమ పదార్థాలు. బరువు తగ్గాలి, ఇంధనం మిగలాలి అన్నది వాళ్ల లెక్క. కానీ అది అలా అలసిపోదు, తుప్పు పట్టదు. కాబట్టి ఒత్తిడి పెంచినా, లోపలి గాలిలో కాస్త తేమ ఉండనిచ్చినా నష్టం లేదు. మన ముక్కులు ఎండిపోకపోవడం అలా కలిసొచ్చింది.

సరే, కలిసిరానిది ఏమిటి? సీటు వెడల్పు. 787 వచ్చే కొత్తలో వరుసకు ఎనిమిది సీట్లు అన్నారు. అంతే వెడల్పులో తొమ్మిది కూడా పడతాయని అందరికీ తెలుసు. ఇప్పుడు ఎక్కడ చూసినా మూడు, మూడు, మూడు. జపాన్ ఎయిర్‌లైన్స్ మాత్రం తన అంతర్జాతీయ 787ల్లో రెండు, నాలుగు, రెండు అనే మాట మీద ఉంది. మీరు ఎయిర్‌లైన్ల పేర్లు అడిగారు కదా, ఈ ఒక్క పనికి నేను ఆ సంస్థకి దండం పెడతాను. బోయింగ్ 777ది కూడా అదే కథ. 1995లో సేవలోకి వచ్చినప్పుడు చాలా ఎయిర్‌లైన్లు వరుసకు తొమ్మిది వేశాయి, ఎంత హాయిగా ఉండేదో! తర్వాత ఒక్కొక్కరే పది చేశారు. విమానం అదే, ఇంజిన్ అదే, రాత్రంతా మోచేయి మాత్రం పక్కవాడి పొట్టలో. ఎ350లో ఇంకా చాలామంది తొమ్మిదే ఉంచారు. దాంట్లోనూ పది ఇరికించినవాళ్లు ఉన్నారు.

చిన్న విమానాల్లో ఎయిర్‌బస్ ఎ320, బోయింగ్ 737 మధ్య ఎంచుకోవాల్సి వస్తే ఎ320 ఎక్కండి. లోపల వెడల్పు కాస్త ఎక్కువ ఉంటుంది. ఒక్కటే ఇబ్బంది, అది మొరుగుతుంది. ఓసారి గేటు నుంచి కదిలాక ఇంజిన్లు స్టార్ట్ చేస్తున్నారు. కాళ్ల కింద నుంచి బౌ బౌ అని, రంపం కోస్తున్నట్టు శబ్దం. పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టేసుకుంది.

"బాబూ, కింద ఎవరిదో కుక్క ఇరుక్కుపోయినట్టుంది, వాళ్లతో చెప్పు."

"కుక్క కాదమ్మా, పంపు. రెండు ఆయిల్ లైన్లు ఉంటాయి. ఒకదాంట్లో ప్రెషర్ తగ్గితే రెండోది దాన్ని అందుకుంటుంది, ఆ చప్పుడు."

"ఎగిరాక కూడా అరుస్తుందా?"

"రెండు ఇంజిన్లూ తిరిగాయంటే ఊరుకుంటుందమ్మా."

ఊరుకుంది. ఆవిడ మాత్రం దిగేదాకా కాళ్లు పైకి పెట్టుకునే కూర్చుంది.

737 గురించి రెండు మాటలు ఎక్కువ రాయాలి. 1967లో మొదటిసారి ఎగిరిన ఈ విమానాన్ని నేలకు బాగా దగ్గరగా కట్టారు. అప్పటి చిన్న విమానాశ్రయాల్లో నిచ్చెనలు, ఎత్తే యంత్రాలు లేకపోయినా సామాను చేత్తో ఎక్కించుకోవచ్చని. అప్పటికి తెలివైన పనే. కానీ తర్వాత ఇంజిన్లు లావెక్కాయి, నేలకూ రెక్కకూ మధ్య చోటు చాల్లేదు. 1980లలో ఇంజిన్ తొడుగు అడుగుభాగాన్ని నొక్కి చదును చేశారు. ఈసారి 737 పక్కన నిలబడితే చూడండి, కొన్ని మోడళ్లలో ఇంజిన్ నోరు గుండ్రంగా ఉండదు, దవడ ఉబ్బినట్టు ఉంటుంది. 737 మ్యాక్స్ అనే కొత్త మోడల్‌కి వచ్చేసరికి ఆ కిటుకూ చాలలేదు. ఇంజిన్లను ముందుకు, పైకి జరిపారు. దానివల్ల కొన్ని సందర్భాల్లో ముక్కు పైకి లేచే గుణం వచ్చింది. దాన్ని అదుపు చేయడానికి పెట్టిన సాఫ్ట్‌వేర్ ఒక్క సెన్సార్ మాట విని ముక్కును కిందికి నొక్కేది. ఆ సెన్సార్ తప్పు చెప్పింది. 2018 అక్టోబర్ 29న లయన్ ఎయిర్ విమానంలో 189 మంది, 2019 మార్చి 10న ఇథియోపియన్ విమానంలో 157 మంది పోయారు. మొత్తం 346.

ఆ సంఖ్య చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. 1974 మార్చి 3న పారిస్ దగ్గర అడవిలో కూలిన టర్కిష్ ఎయిర్‌లైన్స్ డీసీ-10లో పోయినవాళ్లు కూడా సరిగ్గా 346 మందే. సరుకు తలుపు గాల్లో ఊడిపోయింది, లోపలి నేల కుంగి కంట్రోల్ కేబుళ్లు తెగిపోయాయి. అంతకు రెండేళ్ల ముందే 1972లో మరో డీసీ-10కి ఇలాగే తలుపు ఊడింది. ఆ పైలట్లు ఎలాగో దింపగలిగారు. తప్పనిసరి ఆదేశం ఇవ్వాల్సిన చోట అధికారులు తయారీ సంస్థతో మాట మీద సర్దుకుపోయారు. మ్యాక్స్ విషయంలోనూ మొదటి ప్రమాదం తర్వాత విమానాలు ఎగురుతూనే ఉన్నాయి. "భయం లేదా?" అని నన్ను అడుగుతుంటారు. విమానం అంటే భయం లేదు. మొదటి హెచ్చరికను వాళ్లలో వాళ్లు సర్దేసుకున్నారని వింటే మాత్రం ఉంది.

ధ్వని కన్నా వేగంగా ఎగిరిన కాంకార్డ్ గురించి అందరూ అడుగుతారు. నేను ఎక్కలేదు, లండన్ హీత్రూ విమానాశ్రయం కంచె బయట నిలబడి చూశానంతే. ఆ శబ్దం చెవులతో వినేది కాదు, పక్కటెముకలతో వినేది. అది వెళ్లిపోయాక ఆగి ఉన్న కార్ల అలారాలు మోగుతూ ఉండిపోయాయి. అందమైన విమానమే, కాదనను. కానీ ప్రయాణికుడిగా ఆలోచిస్తే, రెండున్నర మీటర్ల చిల్లర వెడల్పున్న గొట్టంలో అటు రెండు, ఇటు రెండు సీట్లు, అరచేయంత కిటికీలు. గాలి రాపిడి వేడికి ఎగిరేటప్పుడు దాని ఒళ్లు 15 నుంచి 25 సెంటీమీటర్లు సాగేది. ఫ్లైట్ ఇంజినీర్ ప్యానెల్‌కూ గోడకూ మధ్య అప్పుడు సందు తెరుచుకునేది. చివరి రోజుల్లో ఇంజినీర్లు తమ టోపీలు ఆ సందులో పెట్టి వదిలేశారు. చల్లబడ్డాక ఆ సందు మూసుకుపోయింది, టోపీలు లోపలే ఉండిపోయాయి. మొత్తం 20 తయారైతే ఎయిర్‌లైన్లు నడిపినవి 14. ఆఖరి ప్రయాణికుల విమానం 2003 అక్టోబర్ 24న దిగింది. సోవియట్ల సూపర్‌సోనిక్ విమానం టీయూ-144 అయితే దానికన్నా ముందే ఎగిరింది గానీ, ప్రయాణికులను మోసింది ఏడాది కూడా లేదు.

నన్ను ఒక్కటే చెప్పమంటే ఎయిర్‌బస్ రెండంతస్తుల ఎ380. బయటి నుంచి చూస్తే అందం లేదు, నుదురు మరీ పెద్దది. లోపల మాత్రం, టేకాఫ్ అప్పుడు ఇంజిన్లు పూర్తి బలంతో తిరుగుతుంటే రెండు వరుసల అవతల పత్రిక పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. రన్‌వే మీద ఎంత దూరం పరిగెత్తినా లేవట్లేదేంటని అనుమానం వచ్చి కిటికీలోంచి చూస్తే, అప్పటికే లేచి ఉన్నాం. 2007 అక్టోబర్ 25న సింగపూర్ ఎయిర్‌లైన్స్ సింగపూర్ నుంచి సిడ్నీకి దాన్ని మొదట నడిపింది. ఎయిర్‌లైన్లకు మొత్తం 251 అప్పగిస్తే అందులో 123 ఒక్క ఎమిరేట్స్‌వే. ఇంకా పొడవైన మోడల్ వస్తుందని లెక్కేసి రెక్క పెద్దది చేశారు. ఆ మోడల్ రాలేదు, అనవసరపు బరువు మోస్తూనే మిగిలింది. రెండు ఇంజిన్ల 777 సముద్రాలు దాటుతుంటే నాలుగు ఇంజిన్లకు ఎవరు ఇంధనం పోస్తారు? మొదటివాటిలో కొన్ని పదేళ్లు తిరిగి తుక్కులోకి వెళ్లాయి.

పాత రోజులే బంగారం అనేవాళ్లతో మాత్రం నేను ఒప్పుకోను. క్యాబిన్‌లో సిగరెట్లు కాల్చేవాళ్లు. పొగతాగేవాళ్ల వరుసకూ మీ వరుసకూ మధ్య గోడ ఏమీ ఉండేది కాదు, పొగకు ఆ సంగతి తెలియదు కదా. ఇప్పటికీ కొత్త విమానం టాయిలెట్ తలుపు దగ్గర చిన్న యాష్‌ట్రే కనిపిస్తుంది. ఎవడైనా దొంగతనంగా కాల్చి చెత్తబుట్టలో పడేస్తే మంటలొస్తాయని నిబంధన ప్రకారం ఇంకా పెడుతున్నారు.

ఎయిర్‌లైన్‌ని బట్టి తేడా రాదా అంటే వస్తుంది, కానీ అంతా సవ్యంగా ఉన్న రోజు కాదు. ఓసారి పేరు చెప్పని ఒక ఎయిర్‌లైన్ మమ్మల్ని తలుపులు మూసి నాలుగు గంటలు నేల మీదే కూర్చోబెట్టింది. ఒక్క ప్రకటన లేదు. చివరికి కాక్‌పిట్ నుంచి కెప్టెన్ స్వయంగా నడవలోకి వచ్చి, ఏ భాగం పాడైందో, ఎక్కడి నుంచి తెప్పిస్తున్నారో చెప్పాడు. ఇంకో గంట పట్టింది గానీ, ఆ గంట ఎవరూ అరవలేదు.

కాబట్టి టికెట్ కొనేముందు విమానం రకం చూడండి, తర్వాత సీట్ల మ్యాప్ తెరిచి వరుసకు ఎన్నో లెక్కపెట్టండి. 747 ఎక్కాలని ఉంటే త్వరపడండి, ప్రయాణికులతో దాన్ని నడుపుతున్న కొద్దిమందిలో లుఫ్తాన్సా ఒకటి. పై అంతస్తు అక్కడ బిజినెస్ క్లాస్, అంత డబ్బు నేనూ పెట్టను. దానికి బదులు మ్యాప్‌లో తోక వైపు చివరి వరుసలు చూడండి. గాలి సాఫీగా జారడానికి అక్కడ విమానం ఒళ్లు సన్నబడుతుంది, పక్కన మూడు సీట్లు పట్టవు. అందుకే వరుసకు పది వేసిన 747ల్లో, చాలా 777ల్లో కూడా ఆఖర్న కొన్ని వరుసలు రెండు, నాలుగు, రెండుగా మారతాయి. సీటుకూ గోడకూ మధ్య బ్యాగు పెట్టుకునేంత సందు కూడా మిగులుతుంది. టాయిలెట్ దగ్గర, కుదుపు కాస్త ఎక్కువ, దిగడం అందరికన్నా ఆఖర్న. నా నాలుగో నోట్‌బుక్‌లో సీటు నంబర్లు దాదాపు అన్నీ అక్కడివే.